సంసారానికి పనికిరాడు

పెద్దమనుషుల పంచాయతీలో గానీ, పెళ్ళయిన ఏడాదికే పుట్టింటికి తిరిగొచ్చిన అమ్మాయి గురించి వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేటప్పుడు గానీ, మన దగ్గర ఒక వాక్యం వినపడుతుంది: “అతను సంసారానికి పనికిరాడట.” చిన్న వాక్యమే. కానీ ఒకసారి విడదీసి చూడండి. అందులో జబ్బు పేరు లేదు. ఒంట్లో ఏ భాగానికి ఏమైందో లేదు. ఉన్నదల్లా మనిషి. చూపు మందగిస్తే “కళ్ళు సరిగ్గా కనపడటం లేదు” అంటాం. మోకాలు పట్టేస్తే మోకాలినే తిట్టుకుంటాం. షుగరొస్తే “షుగరొచ్చింది” అంటాం. ఇక్కడ మాత్రం ఏదీ రాలేదు, ఏదీ తగ్గలేదు, మనిషే పనికిరాకుండా పోయాడు. మొండి కొడవలిలాగా, చిల్లిపడ్డ బిందెలాగా.

ఈ వాక్యానికి బలగం కూడా ఎక్కువే. పేడి, నపుంసకుడు, చేవ లేనివాడు, “మగతనం ఉంటే రా”, “గాజులు తొడుక్కో.” వీటిలో చాలా మాటలు పడకగది గురించి కాదు, ధైర్యం గురించి. లంచం తీసుకున్న అధికారిని, వెనకడుగు వేసిన నాయకుణ్ణి తిట్టడానికి కూడా ఇవే వాడతాం. ఇది ఇవాళ్టిది కాదు. కురుక్షేత్రంలో విల్లు జారవిడిచిన అర్జునుణ్ణి మందలించడానికి కృష్ణుడు వాడిన మాట క్లైబ్యం. వైద్యగ్రంథాల్లో నపుంసకత్వానికి ఉన్న పేరూ అదే. విచిత్రం ఏమిటంటే, అదే భారతంలో బృహన్నలగా రథమెక్కిన అర్జునుడే జమ్మిచెట్టు మీంచి గాండీవం దింపించి కౌరవసేనను ఒంటరిగా ఓడిస్తాడు. వేషానికీ వీరత్వానికీ సంబంధం లేదని కథ చెబుతూనే ఉంది. మాట మాత్రం వినలేదు. ఇక అలాంటి తిట్లు తమ పేరుమీదుగా మోస్తున్న హిజ్రాలకు జరిగే అవమానం వేరే లెక్క.

నేను అడగదలచుకున్న ప్రశ్న ఇది. అంగస్తంభన సమస్యకు మగవాడు మందు వాడినప్పుడు దేనికి వైద్యం జరుగుతోంది? ఒంటికా, ఆ వాక్యానికా? ఒంటికైతే ఈనాడు మంచి వైద్యమే ఉంది. కానీ చాలామంది ఆ వాక్యానికి మందు వెతుక్కుంటున్నారు. ఆ వాక్యం మోసుకొచ్చేది సిగ్గు కాబట్టి, వెతకడం కూడా చాటుగానే జరుగుతుంది. ఆ చాటు వల్ల నష్టపోయేవాళ్ళలో మొదటివాడు అతనే, రెండో మనిషి అతని భార్య.

ముందు ఒంటి సంగతి. అంగస్తంభన అనేది ప్రధానంగా రక్తప్రసరణ వ్యవహారం. మనసులో కోరిక కలిగితే నరాల ద్వారా సంకేతం వెళ్తుంది, అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది, దానివల్ల నాళాల చుట్టూ ఉన్న కండరం వదులై, స్పంజి లాంటి కణజాలంలోకి రక్తం నిండుతుంది. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఈ పని కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో ఎక్కడా పౌరుషం అనే రసాయనం లేదు.

కాలువల కింద వ్యవసాయం చేసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు: పూడిక పడితే దెబ్బ ముందు తెలిసేది సన్నటి పిల్లకాలువలో. అంగానికి వెళ్ళే ధమనుల వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు వెళ్ళేవి 3 నుంచి 4. కొవ్వు పేరుకోవడం, షుగరు, సిగరెట్టు, అధిక రక్తపోటు — ఇవి రెండింటినీ ఒకే రకంగా పాడుచేస్తాయి. కానీ సన్ననిది ముందు బయటపడుతుంది. గుండెజబ్బు తెలియడానికి 2 నుంచి 5 ఏళ్ళ ముందే ఈ లక్షణం కనపడవచ్చని వైద్యులు అందుకే అంటారు. అంటే నలభైల్లో ఉన్న మనిషికి ఇది ఒంటి నుంచి వచ్చిన ముందస్తు కబురు. దాన్ని అతను తన మగతనం మీద వచ్చిన తీర్పుగా చదువుకుని, మడిచి పరుపు కింద దాచేస్తాడు.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. మధుమేహం ఉన్న మగవాళ్ళలో అంగస్తంభన సమస్య మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. ఒక మనిషిని ఊహించుకోండి. నలభై ఎనిమిదేళ్ళు, మండల కేంద్రంలో ఎరువుల కొట్టు, ఆరేళ్ళుగా షుగరు. మూణ్ణెల్లకోసారి డాక్టరు దగ్గరకెళ్తాడు. అరికాళ్ళ మంటలు చెబుతాడు, చూపు మసకేస్తోందంటాడు. ఇది మాత్రం చెప్పడు. డాక్టరూ అడగడు, బయట నలభైమంది కూర్చున్నారు. పక్కన భార్యో, కొడుకో ఉంటాడు. అరికాలిదీ నరమే, ఇక్కడిదీ నరమే. ఒకదానికి నోరుంది, ఇంకోదానికి లేదు.

అన్నీ రక్తనాళాల వల్లే రావు. వయసులో ఉన్నవాళ్ళలో భయం పెద్ద కారణం. మన శోభనం గదినే తీసుకోండి. నిన్నటిదాకా పరిచయం లేని ఇద్దరు. ముహూర్తం పెట్టింది పురోహితుడు, మంచం అలంకరించింది బంధువులు, తలుపు బయట నవ్వులు, తెల్లారితే ఆరాలు. భయం పుట్టినప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది. పరీక్ష హాల్లో చెమటలు పట్టినంత సహజం ఇది. ఆ కుర్రాడికి నిద్రలో, తెల్లవారుజామున అంగస్తంభన మామూలుగానే ఉంటే ఒంట్లో పెద్ద లోపం లేదన్నమాటే. కానీ ఒక్క రాత్రి తడబాటుకు ఆ వాక్యం అంటుకుందంటే, మర్నాటి రాత్రి అతను భార్య దగ్గరకు వెళ్ళడు, పరీక్షకు వెళ్తాడు. రెండోసారి తప్పడానికి మొదటిసారి తప్పడమే చాలు.

వైద్యచరిత్రలో ఈ సిగ్గును రెండు ఘటనలు గట్టిగా కదిలించాయి. 1983లో అమెరికాలోని లాస్ వేగస్‌లో మూత్రవ్యాధుల నిపుణుల సభ జరిగింది. బ్రిటన్ నుంచి వచ్చిన గైల్స్ బ్రిండ్లీ అనే శాస్త్రవేత్త, రక్తనాళాలను వదులుచేసే మందును ముందే హోటల్ గదిలో తన అంగానికి తనే ఇంజెక్షన్ చేసుకుని వచ్చి ఉపన్యాసమిచ్చాడు. బొమ్మలు చూపించాడు. అవి చాలవనుకున్నాడేమో, వేదిక మీదే ప్యాంటు కిందికి దించి ఫలితం చూపించాడు. సభలో భార్యలతో వచ్చినవాళ్ళు ఉన్నారు, కేకలు వినపడ్డాయి. నవ్వొచ్చే సంగతే. కానీ ఆయన రుజువు చేసింది మామూలు విషయం కాదు: ఉపన్యాసమిస్తూ నిలబడ్డ మనిషిలో, కోరికతో నిమిత్తం లేకుండా, మందుతో ఇది జరుగుతుంది. అప్పటిదాకా ఎక్కువగా మనోలోపమని నమ్మినదాన్ని ఆయన ఒంటి లెక్కలోకి తెచ్చాడు.

రెండోది 1992 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటుచేసిన నిపుణుల సమావేశం. అంతవరకు ఇంగ్లీషులో వాడిన ‘ఇంపొటెన్స్’ అనే మాటకు శక్తిహీనత అని అర్థం. ఆ మాట మనిషిని కించపరుస్తోంది, పైగా ఏం జరిగిందో సరిగ్గా చెప్పడం లేదు, కాబట్టి ‘ఎరెక్టైల్ డిస్‌ఫంక్షన్’ అందాం అని వాళ్ళు తీర్మానించారు. అంటే స్తంభన లోపం. మాట మార్చడం కూడా వైద్యంలో భాగమని ఒప్పుకున్నారు. తెలుగులో ఈ పని కొంతవరకు పత్రికలు చేశాయి. విజయవాడ డాక్టరు జి. సమరం స్వాతి వారపత్రికలో ఏళ్ళ తరబడి ఇచ్చిన జవాబుల్ని నవ్వుకుంటూ చదివినవాళ్ళున్నారు, దాచుకుని చదివినవాళ్ళున్నారు. ఒంటి సంగతిని ఒంటి సంగతిగా తెలుగులో చెప్పొచ్చని చాలామందికి అక్కడే తెలిసింది. అయితే ఆ మాట పత్రికలోంచి ఇంట్లోకి రాలేదు. ఇంట్లో ఇంకా పనికిరాకపోవడమే ఉంది.

ఇక 1998. గుండెనొప్పికి పనికొస్తుందేమోనని ఇంగ్లండులో ఫైజర్ కంపెనీ పరీక్షించిన సిల్డెనఫిల్, అనుకోని ప్రభావం వల్ల వయాగ్రాగా మార్చి నెలలో అమెరికాలో అనుమతి పొందింది. మన దేశంలో 2005 దాకా మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఉండేది కాబట్టి, ఇక్కడి కంపెనీలు దాన్ని తొందరగానే చవగ్గా తయారుచేశాయి. తర్వాత టడలఫిల్ వచ్చింది, దాని ప్రభావం ఒకటిన్నర రోజుల దాకా ఉంటుంది. ఇవి కోరికను పుట్టించవు. కోరిక పుట్టాక ఒంట్లో జరగాల్సిన పనికి అడ్డు తొలగిస్తాయి. ఈ తేడా చాలామందికి తెలియదు.

వైద్యం మాత్రతోనే మొదలూ కాదు, అయిపోనూ పోదు. సిగరెట్టు మానడం, షుగరు అదుపు, నడక, బరువు — ఇవి ముందు. రక్తపోటుకో దిగులుకో వాడుతున్న మందుల్లో కొన్ని ఈ సమస్య తెస్తాయి, వాటిని డాక్టరు మార్చగలడు. భయం వల్ల వచ్చినదానికి కౌన్సెలింగ్. టెస్టోస్టిరాన్ నిజంగా తగ్గినవాళ్ళకే ఆ హార్మోను. మాత్ర పనిచేయనివాళ్ళకు గాలి పీల్చే వాక్యూం పరికరం, ఇంజెక్షన్లు, చివరికి శస్త్రచికిత్సతో అమర్చే ఇంప్లాంటు. దాదాపు ప్రతివాడికీ ఏదో ఒక దారుంది. అన్నిటికీ ముందు ఒక మెట్టుంది: నోరు విప్పడం.

ఆ మెట్టు దగ్గరే కాచుకుని కూర్చుంటాడు దొంగ వైద్యుడు. రైలు పట్టాల పక్క గోడల మీద రాతలు, బస్టాండు మరుగుదొడ్లలో అంటించిన కాగితాలు, ‘ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో’ అనే ప్రకటనలు. కామశక్తిని పెంచుతామని మందుల ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం ఉంది, గోడలూ ఉన్నాయి. లాడ్జి వైద్యుడు అమ్మేది నిజానికి మందు కాదు, గోప్యత. ఊరు కాని ఊరు, పేరడగడు, చీటీ రాయడు. “ఇది మీ తప్పు కాదు, చిన్నప్పటి అలవాట్లు” అంటూ ముందు పాపం అంటగట్టి, తర్వాత దానికి ప్రాయశ్చిత్తం అమ్ముతాడు. మూలికలని చెప్పి అమ్మే ఇలాంటి సరుకులో చెప్పకుండా సిల్డెనఫిల్ కలిపిన ఉదంతాలు దేశదేశాల్లో పదేపదే బయటపడ్డాయి.

దీనివల్ల ప్రాణమెలా పోవచ్చో చూడండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్ర, ఈ మాత్ర కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ఒక రాత్రి ఛాతీలో నొప్పి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తారు. “ఏమైనా మందులు వాడుతున్నారా?” అని డ్యూటీ డాక్టరు అడుగుతాడు. చుట్టూ కొడుకు, కోడలు, బావమరిది. అతను లేదంటాడు. మూలికల చూర్ణం తిన్నవాడికైతే అబద్ధం ఆడుతున్నానని కూడా తెలియదు. ప్రాణం మీదికొచ్చినా పరువుకే ఓటేసే ఈ మనిషిని మూర్ఖుడని కొట్టిపారేయడం తేలిక. కానీ పరువు పోతే ప్రాణం ఉన్నా లేనట్టేనని అతనికి నేర్పింది మనమే కదా.

ఇప్పుడు రెండో మనిషి. లాస్ వేగస్ సభలో బ్రిండ్లీ చేసినదాన్ని ఇంకోవైపు నుంచి చూస్తే, ఆ వేదిక మీద ఒక్కడే ఉన్నాడు. ఒంటి సంగతి రుజువు చెయ్యడానికి ఒక్కడు చాలు. కాపురానికి చాలదు. మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికన్ పరిశోధకుల జంట 1970లోనే, ఇలాంటి సమస్యలో ‘నాకేం సంబంధం లేదు’ అనగలిగే భాగస్వామి ఉండరని చెప్పి, చికిత్స ఇద్దరికీ కలిపి చేశారు. వాళ్ళ పద్ధతిలో మొదటి మందు ఒక నిషేధం: కొన్నాళ్ళు సంభోగం ఊసే వద్దు, ఊరికే ఒకరినొకరు తాకుతూ ఉండండి. పరీక్ష రద్దయితే భయం పోతుందని. కారణాల్లో మనసుకు వాళ్ళు కొంచెం ఎక్కువ వాటా ఇచ్చారు గానీ, ఇద్దరినీ కూర్చోబెట్టిన ఆలోచన ఇప్పటికీ చెల్లుతుంది.

మన ఎరువుల కొట్టాయన మాత్ర తెచ్చుకుని భార్యకు తెలియకుండా వేసుకున్నాడనుకుందాం. రెండేళ్ళుగా అతను ముఖం తిప్పుకుని పడుకుంటుంటే ఆమె ఏమనుకుని ఉంటుంది? నేను నచ్చడం లేదనో, బయట ఇంకెవరో ఉన్నారనో. ఆ రెండేళ్ళ దుఃఖానికి అతను జవాబు చెప్పలేదు. ఇప్పుడు హఠాత్తుగా దగ్గరకొచ్చాడు. దానికీ కారణం చెప్పలేదు. ఆమెకు నెలసరి ఆగిపోయే వయసు, ఒంట్లో మార్పులు, నొప్పి. ‘మాత్ర వేసుకున్నాను, వృథా పోకూడదు’ అన్నది అతని లెక్క. న్యూజిలాండ్‌లో ఆనీ పాట్స్ బృందం వయాగ్రా వాడేవాళ్ళ భార్యలతో, సహచరులతో మాట్లాడి 2003లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి ఇబ్బందులే బయటపడ్డాయి: తమను అడగకుండానే తమ పడకగది మారిపోయిందన్న బాధ. అందరు ఆడవాళ్ళకీ ఇది అక్కర్లేదనీ కాదు. కావాలనుకునే భార్యకు “ఈ వయసులో ఏంటి” అని నోరు మూయించే భర్త చేసే అన్యాయమూ ఇలాంటిదే. రెండు చోట్లా తప్పినది ఒకటే: ఆమెను అడగడం.

ఎవరి ఒళ్ళు వాళ్ళ సొంతం కదా, దాచుకునే హక్కు లేదా అని అడగవచ్చు. ఉంది. అత్తమామల నుంచి, పక్కింటివాళ్ళ నుంచి, ఆఫీసు నుంచి దాచుకోవచ్చు, దాచుకోవాలి కూడా. డాక్టరు అది బయటపెట్టకూడదు. కానీ భార్య ఇందులో ప్రేక్షకురాలు కాదు. ఆమె ఒళ్ళూ, ఆమె జీవితమూ అందులో ఉన్నాయి. ఇద్దరి మధ్య ఉన్నదాన్ని లోకం నుంచి దాస్తే గోప్యత. ఆ ఇద్దరిలో ఒకరి నుంచి దాస్తే మోసం.

ఈ మోసం కొన్నిసార్లు పెళ్ళికి ముందే మొదలవుతుంది. జాతకం, జీతం, ఎకరాలు అన్నీ విచారించుకుంటాం. కొడుకు ఏదో సమస్య చెప్పబోతే పెద్దవాళ్ళనే మాట: “పెళ్ళయితే అదే సర్దుకుంటుంది.” 1955 నాటి హిందూ వివాహ చట్టం, నపుంసకత్వం వల్ల దాంపత్యమే జరగకపోతే ఆ పెళ్ళిని రద్దు చేయమని అడిగే హక్కు ఇచ్చింది. అయితే ఆ హక్కు వాడుకోవాలంటే అమ్మాయి కోర్టులో నిలబడి తన పడకగది గురించి చెప్పాలి. చరక సంహితలో వాజీకరణ ప్రకరణం ఉంది. అనేక ఔషధాలు చెప్పిన ఆ ప్రకరణమే, వాటన్నిటిలో శ్రేష్ఠమైనది ఆనందం కలిగించే స్త్రీ అంటుంది. మనసుకీ అనుబంధానికీ ఉన్న బలం అంత పాతకాలంలో గుర్తించినందుకు మెచ్చుకోవాలి. కానీ చూడండి, ఆమె మందుల వరసలో చేరింది. “పెళ్ళయితే సర్దుకుంటుంది” అన్నప్పుడు మనం చేసేదీ అదే, ఇరవై రెండేళ్ళ అమ్మాయిని చీటీ లేకుండా మందుగా రాసివ్వడం. మందు పనిచెయ్యకపోతే నింద మందుమీదే పడుతుంది. పిల్లలు లేకపోతే ఆమెకు ‘గొడ్రాలు’ అని పేరు, గుళ్ళ చుట్టూ ప్రదక్షిణలు. అతని పరీక్షలు అందరికంటే చివర.

మరి ప్రతివాడూ వైద్యం చేయించుకోవాలా? అమెరికాలోని మసాచుసెట్స్‌లో జరిపి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, 40 నుంచి 70 ఏళ్ళ మగవాళ్ళలో 52 శాతం మందికి ఎంతో కొంత ఈ సమస్య ఉందని తేలింది. సగానికి పైగా ఉన్నదాన్ని జబ్బు అనాలా, వయసు అనాలా? మాత్ర రాకముందు వయసుతో వచ్చే తగ్గుదలను చాలా జంటలు అలాగే ఒప్పుకున్నాయి. మాత్ర వచ్చాక అది లోపమైంది. 1992 నాటి నిర్వచనం ‘సంతృప్తికరంగా’ జరగడానికి తగినంత స్తంభన లేకపోవడం అంటుంది. సంతృప్తి ఎవరిది? దాన్ని నిర్ణయించాల్సింది కంపెనీ కాదు, స్నేహితుల గొప్పలు కాదు, ఆ ఇద్దరూ. గుండె, షుగరు పరీక్షలు చేయించుకున్నాక, ఇద్దరూ మాట్లాడుకుని “మనకిది చాలు” అనుకుంటే అక్కడ జబ్బు లేదు. ఇద్దరూ కావాలనుకుంటే డెబ్భై ఏళ్ళకైనా వైద్యం చేయించుకోవడంలో తప్పు లేదు. మాట్లాడుకోకుండా మానెయ్యడమూ, మాట్లాడుకోకుండా మింగడమూ రెండూ తప్పే.

పనికిరావడం పనిముట్లకు సంబంధించిన మాట. కాపురం అంటే అన్నం వండుకోవడం, అప్పు తీర్చడం, జ్వరమొస్తే నుదుటిమీద తడిగుడ్డ వెయ్యడం, పోట్లాడుకుని మళ్ళీ మాట్లాడుకోవడం. ఇన్నిట్లో ఒక్కదానికి ఆటంకం వస్తే మనిషంతా దేనికీ కొరగానివాడని ఏ న్యాయం చెబుతుంది? ఆ ఒక్కటి చిన్నదని కాదు నేననేది. దానికోసం ఏడ్చిన ఆడవాళ్ళున్నారు, ఉరేసుకున్న మగవాళ్ళున్నారు. అది ముఖ్యం కాబట్టే దాన్ని దాని పేరుతో పిలవాలి.

ఈసారి మూణ్ణెల్ల పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ ఎరువుల కొట్టాయన అరికాళ్ళ మంటల తర్వాత ఇంకో వాక్యం చెప్పాలి: “డాక్టరుగారూ, ఏడాదిగా నాకు అంగస్తంభన సరిగ్గా ఉండటం లేదు.” డాక్టరు తనే ముందు అడిగితే ఇంకా మంచిది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి భార్యతో చెప్పాల్సింది ఇంకా కష్టమైన వాక్యం: “నీ తప్పేం లేదు, షుగరు వల్లట. ఏం చేద్దాం?” ఆ ఆఖరి రెండు మాటల్లో ఆమెకూ చోటుంది.